కాశీలో వదిలిన పల్లీలు

కాశీకి పోయినవాళ్లు వంకాయో, జామపండో అక్కడ వదిలి వస్తారు. మామ రామ్‌కిషన్ పల్లీలనే ఎందుకు వదిలినట్టు? కాపురానికి వచ్చినప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా, భాగీరథికి ఈ అనుమానం ఉంది. ఇప్పుడు జహీరాబాద్ దవాఖాన బల్ల మీద ఆరేళ్ల బాలమణిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ అనుమానమే భయంగా మారింది.

పిల్ల పెదవులు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఒంటి నిండా దద్దుర్లు. సూదిమందు పడ్డాకే ఊపిరి కాస్త తేలికపడింది.

గంట కిందట పొరుగింటి నాగవ్వ ముద్దుగా ఒక పల్లీపట్టి ఇచ్చింది. సగం తినకముందే పిల్ల గొంతు పట్టుకుంది. మజ్జిగ పోయమని ఒకరు, దిష్టి తీయమని ఒకరు అంటుంటే, రామ్‌కిషన్ ఎవరి మాటా వినలేదు. పిల్ల నోట్లో వేలు పెట్టి మిగిలిన ముక్కలు తీసేసి, భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. అరవైకి దగ్గర పడిన మనిషి.

"నా చేత్తోనే ఇస్తిని," అంది నాగవ్వ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మీ మామ కాశిల ఇడిచిన వస్తువాయె. ఆ ఇంటి పిల్లకు పెడితే దేవునికి కోపం రాకుంటదా? సోమవారం ఝరాసంగం పోదాం. పల్లీల లడ్డూలు నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదం పిల్ల నోట్ల జర పెడితే దోషం పోతది."

భాగీరథికి అదే సబబు అనిపించింది. ఆ ఇంట్లో వంట కూడా కుసుమ నూనెతోనే. ఒకసారి చిరాగ్‌పల్లి పెళ్లిలో కూరలో పల్లీపొడి కలిసిందని మామ మొహానికి తువాల కప్పుకుని విస్తరి ముందు నుంచి లేచి వచ్చి, రెండు రోజులు గది దాటలేదట. ప్రాయశ్చిత్తం పట్టాడని ఊరంతా చెప్పుకుంది. ఇరవై ఏళ్లుగా ఆయనను అందరూ కాశీ రామ్‌కిషన్ అనే పిలుస్తారు. ఆయన కోడలినని చెప్పుకోవడం భాగీరథికి గర్వం.

డాక్టరు ఇస్సాకు వచ్చి పిల్ల నాడి చూశాడు. నాగవ్వ మాటలు ఆయన చెవిన పడ్డట్టున్నాయి.

"ప్రసాదం మీరు పంచున్రి, తినున్రి. పిల్ల నోట్ల మాత్రం పెట్టకున్రి. ఈసారి దక్కింది. ఇంకోసారి గింజంత తిన్నా దక్కకపోవచ్చు."

"దేవుని ప్రసాదం కీడు చేస్తదా సారూ?" అంది భాగీరథి.

"దేవుని తప్పు గాదమ్మా, ఒంటిది తప్పు. మన ఒంట్ల కావలోళ్లు ఉంటరు. రోగం లోపలికొస్తే తరుముతరు. ఈ పిల్ల ఒంట్ల కావలోళ్లు పల్లీని చూసి దొంగనుకుంటున్నరు. దొంగ లేడు గని, కొట్లాట మాత్రం నిజం. ఆ కొట్లాటకే దద్దులెక్కుతయి, పెదవులు ఉబ్బుతయి, గొంతు లోపల వాచి ఊపిరాడదు. దీన్ని ఎలర్జీ అంటరు."

"దేవుడిచ్చిన తిండి దేవుడిచ్చిన ఒంటికే ఎందుకు పడదు?"

డాక్టరు నవ్వాడు. "ఎట్ల పడదో చెప్పగలుగుత. ఎందుకు పడదో నాకూ తెల్వదు. ఒకరికి పల్లీ, ఒకరికి గుడ్డు, ఒకరికి చేప. పాపం గాదు, సిగ్గుపడేదీ గాదు."

గోడకు ఆనుకుని నిలబడిన రామ్‌కిషన్ ముందుకు వచ్చాడు. "ఆ మాట మళ్లొకసారి చెప్పున్రి సారూ," అన్నాడు.

"ఏ మాట?"

"సిగ్గుపడేది గాదన్న మాట. పిల్ల ఇనాలె."

ఇంటికి పోతూ మనుమరాలికి ఆయనే నేర్పాడు. "ఎవరు పెట్టినా, నాకు పడదని చెప్పాలె బిడ్డా. గట్టిగ చెప్పాలె."

"ప్రసాదమైతే తాతా?"

ఆయన నాలుగడుగులు నడిచాడు. "ప్రసాదమైనా."

సోమవారం ఝరాసంగం గుడిలో జనం కిక్కిరిసి ఉన్నారు. నాగవ్వ లడ్డూలు దేవుడి ముందు పెట్టించింది. పూజారి ఒక్కొక్కరి చేతిలో పెడుతూ వస్తుంటే భాగీరథి పిల్ల భుజం పట్టుకుంది. వద్దంటే అపచారం. తీసుకుంటే పిల్ల ప్రాణం. డాక్టరు మాట నిజమో, నాగవ్వ మాట నిజమో తేల్చుకోకముందే లడ్డూ బాలమణి ముందుకు వచ్చింది.

పిల్ల రెండు చేతులూ జోడించింది. "అయ్యగారూ, నాకు పల్లీలు పడవు. తింటే ఊపిరాడదు. తీర్థం ఇయ్యున్రి."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "ప్రసాదం వద్దంటదేంది?" అని ఎవరో గొణిగారు. పూజారి ఒక్క క్షణం ఆగి, లడ్డూ పళ్లెం పక్కన పెట్టి, చేయి కడుక్కుని పంచపాత్ర అందుకున్నాడు. "తీసుకో తల్లీ. ఇది అందరికీ పడుతది."

భాగీరథి మామ వైపు చూసింది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, తల మాత్రం ఎత్తుగా ఉంది.

బస్సులో ఎక్కినవాళ్లందరికీ ఆయన అదే కథ చెప్పాడు. "ఆరేండ్ల పిల్ల. గుడి నిండ జనం. ఎవ్వలకు భయపడలే. ఉన్నది ఉన్నట్టు చెప్పింది."

"చాలుతీ, కండక్టర్‌కు రెండుసార్లు చెప్పినవ్," అంది నాగవ్వ. ఆమెకూ నవ్వొచ్చింది. "మాటంటే నీ మనుమరాలిదే మరిదీ. ఇరవై ఏండ్ల కింద నాకు కాశీ నుంచి గంగచెంబు తెస్తనంటివి. వట్టి చేతులతోని వచ్చి, రైల్ల దొంగలు ఎత్తుకపోయిన్రంటివి."

బస్సు జహీరాబాద్ చేరేదాకా రామ్‌కిషన్ మళ్లీ ఆ కథ ఎత్తలేదు. దిగేటప్పుడు అన్నాడు. "ఆ చెంబు బాకీ ఉన్న వదినా."

కార్తీకం వెళ్లగానే ఆయన ఒక్కడే రైలెక్కాడు. పదిహేను రోజులకు మూతి బిగించిన రాగిచెంబుతో తిరిగి వచ్చి, ఇంట్లో అడుగు పెట్టకముందే నాగవ్వ గడప ముందు నిలబడ్డాడు. ఆమె చెంబును కళ్లకద్దుకుంది.

"రెండుసార్లు కాశీ చూసినోడు మన గల్లీల నువ్వొక్కనివే," అంది. "ఈసారి ఏమిడిచినవ్?"

రామ్‌కిషన్ వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "జర ఆలస్యమైంది వదినా," అన్నాడు.

ఆయన కాశీకి పోవడం అదే మొదటిసారి.