ముగింపు నచ్చలే

పులిహోర డబ్బాలో మూడో చెంచా పడిన రోజే జితేందర్‌కి కడుపు మండింది.

రెండేళ్లుగా ఆ డబ్బాకి వాటాదార్లు ఇద్దరే. వండి తెచ్చే హర్షవర్ధన్, ఎదురుగా కూర్చుని ఖాళీ చేసే జితేందర్. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ల మధ్య ఉన్న వాళ్ల ఆఫీస్‌లో కిటికీ పక్క టేబుల్ ఆ ఇద్దరిదేనని అందరికీ తెలుసు. ఇప్పుడు అక్కడికి నిశాంత్ అని ఓ కొత్త శాల్తీ దిగాడు. ఉంగరాల జుట్టు, పెద్ద గొంతు. హర్షతో కలిసి ఎమ్మెస్ చదివి, అదవగానే వేరే ఊరు వెళ్లిపోయాడట. వచ్చిన మొదటి రోజే "ఒరేయ్ హర్షా" అంటూ భుజం మీద చెయ్యేశాడు.

రెండేళ్లలో జితేందర్ ఒక్కసారి కూడా హర్షని ఒరేయ్ అనలేదు. నోరు రాలేదు. ప్రేమించిన మనిషిని ఒరేయ్ అని ఎట్లా పిలుస్తాడు?

అవును, ప్రేమే. ఆ మాట హర్షకే కాదు, ఎవ్వరికీ చెప్పలేదు. చెబితే ఉన్న పులిహోర కూడా పోతుందని భయం.

హర్షకి జపాన్ బొమ్మల కథల పిచ్చి. లంచ్ అవగానే బ్యాగ్‌లోంచి పుస్తకం తీసి, వెనక అట్ట వైపు నుంచి తెరిచేవాడు. ముగింపు తెలిస్తే గానీ కథ మొదలుపెట్టని రకం కాబోలు అనుకుని జితేందర్ లోపల్లోపలే నవ్వుకునేవాడు.

ఒకసారి తొంగి చూశాడు. టైలు కట్టుకున్న ఇద్దరు మగాళ్లు, లిఫ్ట్‌లో ఒకరినొకరు అదేపనిగా చూసుకుంటున్నారు. ఎవరు వీళ్లు అని అడిగాడు.

"ఒకే ఆఫీస్‌లో పని చేస్తారు. ప్రేమించుకుంటారు," అన్నాడు హర్ష, తలెత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ చెవుల్ని తలుచుకుంటూ జితేందర్ వారం రోజులు బతికేశాడు.

ఇప్పుడా పుస్తకాలు నిశాంత్ చేతిలో కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఏవో గుసగుసలు. జితేందర్ దగ్గరికి వెళ్తే మాట మార్చేయడం. వాడు జోకేస్తే హర్ష కళ్లనీళ్లు వచ్చేలా నవ్వడం. ఆ జోకులో నవ్వడానికి ఏముందో జితేందర్‌కి అర్థమయ్యేది కాదు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ ఉమామహేశ్వరి పిలిచి, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న అల్ఫారెట్టా ఆఫీస్‌లో లీడ్ పోస్ట్ ఉంది, శుక్రవారంలోగా ఏ సంగతీ తేల్చి చెప్పమంది. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. జితేందర్ ఆలోచించుకుంటానన్నాడు. హర్ష ఉండమని ఒక్క మాటంటే చాలు, ఆ ఊరి పేరు కూడా మర్చిపోతాడు. అందుకే హర్షకి ఆ కబురు చెప్పి, మొహంలోకి చూశాడు. హర్ష డబ్బాకి మూత పెట్టి, బ్యాగ్ సర్దుకుని లేచాడు.

గురువారం పొద్దున హర్షే వచ్చి జితేందర్ డెస్క్ మీద ఓ పల్చటి పుస్తకం పెట్టాడు. "నేనే గీశాను. వాళ్లకి నీ జవాబు చెప్పేముందు ఇది చదువు," అని, నిలబడకుండా వెళ్లిపోయాడు.

రెండు వైపులా తెల్ల అట్టే. లోపల మాటల్లేవు. పేజీకో బొమ్మ, మొత్తం అయిదు.

అట్ట తిప్పగానే జితేందర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. వానలో ఆఫీస్ పార్కింగ్ లాట్. ఒకే గొడుగు కింద ఓ గడ్డంవాడు, ఓ సన్నటివాడు. గడ్డం తనదే. సన్నటివాడు హర్ష. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అట్లా ఎన్నడూ జరగలేదు. జరిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

తర్వాతి పేజీలో చేతులు వదిలేసి, పక్కపక్కన కూర్చుని ఒకే డబ్బాలో తింటున్నారు. ఆ తర్వాత టేబుల్‌కి చెరో వైపు. ఆ తర్వాత గడ్డంవాడు దూరంగా కాఫీ మెషిన్ దగ్గర ఒక్కడే ఉన్నాడు, సన్నటివాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. అయిదో పేజీలో గడ్డంవాడు లేనే లేడు. సన్నటివాడు ఉంగరాల జుట్టువాణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. పక్కన ఓ సూట్‌కేస్.

ఇంకా అర్థం కాకపోవడానికేముంది! చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని, పేజీకింత దూరం జరిపి, ఆఖరికి వాడితో పెట్టే బేడా సర్దుకున్నాడన్నమాట. నోటితో చెప్పలేక బొమ్మలేసి చేతికిచ్చాడు. జితేందర్‌కి ఒళ్లంతా కారం పూసినట్టయింది. నిశాంత్ జుట్టు మీద, నవ్వు మీద, వాడి ఒరేయ్ మీద పగ పుట్టింది. కూర్చున్న చోటి నుంచే ఉమామహేశ్వరికి మెయిల్ కొట్టాడు. అల్ఫారెట్టాకి వెళ్తానని.

శుక్రవారం కాఫీ మెషిన్ దగ్గర హర్ష ఎదురుపడ్డాడు.

"చదివావా?"

"చదివిన."

"మరి... ముగింపు?" హర్ష ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు.

"ముగింపే నచ్చలే."

"అలా జరగడం నీకు ఇష్టం లేదా?"

"ఎట్ల ఇష్టముంటది?" అన్నాడు జితేందర్. పుస్తకం అతని చేతిలో పెట్టేశాడు.

హర్ష దాన్ని గుండెకి అదుముకుని, సరేనన్నట్టు తలూపాడు. ఏమీ అనుకోవద్దన్నాడు, మర్చిపొమ్మన్నాడు. ఆ రోజు పులిహోర డబ్బా ఎవరూ తెరవలేదు.

అల్ఫారెట్టాలో ఆర్నెల్లు గడిచాయి. పెద్ద జీతం, పెద్ద కుర్చీ. లంచ్‌కి ఒక్కడే. హర్ష ఫోటో ఏది కనిపించినా, అందులో ఉంగరాల జుట్టు ఉందా అని వెతికే జబ్బు మాత్రం తగ్గలేదు.

ఓ శనివారం ఆ ఊరి పుస్తకాల షాపులో, జపాన్ బొమ్మల కథల ముందు కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. లిఫ్ట్‌లో టైలు కట్టుకున్న ఆ ఇద్దరు. అదే పుస్తకం. తీసుకుని, అన్ని పుస్తకాల్లాగే ఎడమవైపు అట్ట తిప్పాడు. బొమ్మ లేదు. తెల్ల కాగితం మీద పెద్దక్షరాల్లో ఒకే ఒక్క ముక్క అచ్చేసి ఉంది:

"ఆగండి, మీరు తెరిచింది ఆఖరి పేజీ, జపాన్ కథ మొదలయ్యేది అటు చివర నుంచి."