ఒడ్డుకు రాని పాప

షాట్ మధ్యలో ఒకావిడ కెమెరాకి అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది.

"కట్" అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

సర్ఫింగ్ బోర్డు మీద బోర్లా పడుకుని నీళ్లు తోసుకుంటూ వస్తున్న హీరోయిన్ తల వాల్చేసింది.

పొద్దుటి నుంచీ అదే సీను. అల కుదిరితే వెలుగు కుదరదు. రెండూ కుదిరితే ఎవరో ఒకరు అడ్డం.

ఆ తీరం టీవీ వాళ్లకి కొట్టిన పిండి. ఏ సీరియల్లో ప్రేమికులు కలిసినా, విడిపోయినా ఆ రాళ్ల దగ్గరే.

ఈసారి తీస్తున్నది మాత్రం అక్కడే జరిగిన కథ.

చాలా ఏళ్ల కిందట పడవ బోల్తా పడితే, సర్ఫింగ్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తన బోర్డు మీద ఒక్కొక్కరినీ ఒడ్డుకు చేర్చింది. సన్మానానికి కూడా రాకుండా ఊరు విడిచి వెళ్లిపోయింది. సీరియల్ వాళ్లు ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదు.

అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి పరుగున వెళ్లి ఆవిడని పక్కకి తీసుకొచ్చింది. బక్కపలచటి మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డైరెక్టరుతో ఒక్క మాట చెప్పి వెళ్లిపోతానంది.

భోజనాల వేళ చెప్పనిచ్చారు.

"అందరూ ఒడ్డుకు వచ్చేశారని చూపిస్తున్నారట. ఒక పాప రాలేదు బాబూ. ఆ పాపని కూడా పెట్టండి."

డైరెక్టరు ప్లేటు పక్కన పెట్టాడు. మంచివాడే. పాప సంగతి తనకి తెలుసునని ఒప్పుకున్నాడు. ఇది గెలుపు కథ అనీ, చివర్లో పసిపిల్ల పోతే చూసేవాళ్లు తట్టుకోలేరనీ, ఛానెల్ వాళ్లే తీసేయమన్నారనీ నచ్చజెప్పాడు.

ఆవిడ వాదించలేదు.

"తీసేస్తే, ఆ పాప అసలు పడవే ఎక్కలేదన్నట్టు అయిపోతుంది" అని మాత్రం అంది.

అసిస్టెంట్‌కి మనసు కలుక్కుమంది. బోర్డులు అద్దెకిచ్చే షెడ్డు దాకా తోడు నడిచి, నీడన కూర్చోబెట్టింది. షెడ్డు నడిపే పెద్దమ్మ మంచినీళ్లిచ్చి, ఆవిడ వీపు నిమురుతూ నిలబడింది.

"ఆ పాప మీకు బాగా గుర్తుందా అమ్మా?" అసిస్టెంట్ మెల్లగా అడిగింది.

"చివరిదాకా నా చెయ్యే పట్టుకుని ఉంది. అల వచ్చింది. చెయ్యి జారిపోయింది."

ఇంకేం అడుగుతుంది? కన్నతల్లికి అంతకంటే నరకం ఉంటుందా అనుకుంది.

ఆ సాయంత్రం డైరెక్టరుని మళ్లీ కదిపింది. పాపని ఒక్క షాట్‌లోనైనా చూపిద్దామంది. ఆ తల్లి బాధ తనకీ తెలుసనీ, కానీ ఒక్కరి కోసం కథ మార్చలేమనీ అన్నాడాయన.

మర్నాటి నుంచి ఆవిడ కనిపించలేదు.

ఎపిసోడ్ ప్రసారమైంది. హీరోయిన్ చివరి మనిషిని ఒడ్డున దించి, అందరూ వచ్చేశారంటూ నవ్వింది. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

డైరెక్టరుకి మాత్రం ఆ నవ్వు గుచ్చుకుంటూనే ఉంది. కొన్నాళ్లకి తనే అసిస్టెంట్‌ని పిలిచాడు.

"ఆఖరి ఎపిసోడ్‌లో పాపని చూపిద్దాం. ఛానెల్‌తో నేను మాట్లాడతాను. ఆ తల్లిని పిలుచుకురా."

అసిస్టెంట్ ఆ కబురు మోసుకుని తీరానికి వెళ్లింది.

షెడ్డు మూసి ఉంది.

దూరంగా నీళ్ల మీద కొందరు తమ తమ బోర్డుల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. కాసేపటికి మధ్యలోకి పూలు వదిలి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. అందరికంటే వెనక పెద్దమ్మ, పొడవాటి ప్యాడిల్ బోర్డు మీద మోకాళ్లపై కూర్చుని తెడ్డు వేసుకుంటూ వచ్చింది.

అసిస్టెంట్ వెతుక్కుంటూ వచ్చిన ఆవిడ మొన్ననే పోయిందని చెప్పింది. జబ్బు ముదిరిన సంగతి తెలిసే ఆ రోజు షూటింగ్ దగ్గరికి వచ్చిందట.



"సీను ఒప్పుకున్నారు పెద్దమ్మా. అది చెబుదామనే వచ్చాను. ఆ తల్లి తన బిడ్డని తెర మీదైనా ఒక్కసారి చూసుకునేది."

పెద్దమ్మ బోర్డుని ఒడ్డుకు లాగి, దాని పక్కనే కూర్చుంది.

"పాప తల్లిని నేనమ్మా" అంది. "మిగతా అందరినీ ఒడ్డుకు చేర్చిన అమ్మాయి ఆవిడ."