నత్తలకు ప్రవేశం లేదు

కొత్త మోడెం బిగించిన రోజే వెర్లిన్ తన బులెటిన్ బోర్డులో నోటీసు పెట్టాడు.

"పద్నాలుగు వేల నాలుగు వందల వేగం వచ్చేసింది. ఇకపై నత్తలకు ప్రవేశం లేదు."

నేలమాళిగలో కంప్యూటర్, దానికో ఫోన్ లైను. ఊరివాళ్లు తమ కంప్యూటర్లకు తగిలించిన మోడెంలతో దానికి ఫోన్ చేసి అందులో కబుర్లు రాసుకునేవారు. ఒకరుంటే మరొకరికి సందు లేదు.

నత్త ఎవరో అందరికీ తెలుసు. 'కొంగ' అని పేరు పెట్టుకున్న ఆసామి. ముఖం చూసినవాడు లేడు. ఆరేళ్లనాటి రెండువేల నాలుగు వందల వేగం మోడెంతో వచ్చి, లైను పట్టుకు వేలాడి, రోజూ నీటిమట్టం ఒక్క ముక్కలో రాసి పోయేవాడు.

"ఎగువన నది పదిహేడు అడుగులు."

"పాపం, రానివ్వరాదూ?" అంది భార్య మార్లిస్. ఆ జూలైలో మిసిసిపి నది రోజురోజుకీ పొంగుతోంది. వాళ్ల వీధి కరకట్ట కిందే.

"రేడియో చెప్పడం లేదా? అంత తొందరైతే ఇంటికి ఫోన్ చెయ్యమను. నంబర్ బోర్డులోనే ఉంది."

మర్నాటి నుంచి మోడెం గంటకోసారి కీచుమనేది. అవతలిది నెమ్మదిదని పోల్చుకుని తనే తెంపేసేది. తర్వాత అరగంటకోసారి. తర్వాత పది నిమిషాలకోసారి.

వెర్లిన్ విసిగి దాని స్పీకర్ ఆపేశాడు.

శనివారం మధ్యాహ్నం వంటింట్లో ఫోన్ మోగింది. మార్లిస్ తీసింది.

మాట లేదు. బరువైన ఊపిరి, వెనక నీళ్ల హోరు. ఆపైన రిసీవర్ మీద వేలితో కొడుతున్న చప్పుడు.

"ఎవరండీ? మాట్లాడండి."

చప్పుడు ఆగలేదు. ఆమె మాట వింటున్నట్టే లేదు. మార్లిస్‌కు భయం వేసింది.

"ఇరవై రెండు సార్లు కొట్టాడు, వెర్లిన్."

"ఎవడో ఆకతాయి. పెట్టెయ్."

పెట్టేసింది. మళ్లీ మోగింది. ఈసారి ఇరవై మూడు.

ఆ తర్వాత మోగలేదు.

గంటలో కట్ట తెగింది. ఇద్దరూ కట్టుబట్టలతో బయటపడ్డారు. ఎదురింటి ముసలావిడ ఐరీన్ బయటపడలేదు.

బడి ఆటల హాల్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్ల దగ్గరికి షెరీఫ్ మనిషి వచ్చాడు.

"ఎగువ కట్ట కాపలాదారు ఓర్లో స్కావ్ శవం దొరికింది. చివరిదాకా కట్ట మీది గదిలో ఫోన్ వదిలి దిగలేదట. ఏదో బోర్డులో కొంగ అన్న పేరుతో రాసేవాడట. ఎవరికైనా తెలుసా?"

వెర్లిన్ తల ఎత్తలేదు.

"కాపలావాడే అయితే నోరు తెరిచి చెప్పొచ్చుగా," అని గొణిగాడు.

"ఎలా చెబుతాడు బాబూ? పుట్టుకతోనే మాటా వినికిడీ లేని మనిషి."