గేటు వైపు చూసే సింహం

"యెస్, నో అని ముక్తసరిగా అనకు. అవునండి, లేదండి అను. కనపడగానే వందనాలు చెప్పు." కారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ప్రిస్సిల్లా మరోసారి గుర్తు చేసింది.

తొమ్మిదేళ్ళ జెమీమా బుద్ధిగా తలూపింది. నేర్పిన మాట తప్పులేకుండా ఒప్పజెప్పడం ఆ పిల్లకి కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట అమెరికా ఎయిర్‌పోర్టులో, బెలూన్లు పట్టుకుని నిలబడ్డ చర్చివాళ్ళందరి ముందూ, ఇండియా నుంచి వెంట వచ్చిన పాస్టరమ్మ దారి పొడుగునా నేర్పిన ఒకే ఒక్క మాట ప్రిస్సిల్లాని చూడగానే ముద్దుగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంది.

పక్కన ఎనిమిది నెలల తమ్ముడు కాలేబ్ తన సాక్సు తానే చప్పరిస్తున్నాడు. దాన్ని లాగి మళ్ళీ తొడగాలని జెమీమాకి చేతులు దురద పెట్టాయి గానీ ముట్టుకోలేదు. రెండు నెలల కిందట వాడు ఆమె ఒళ్ళోంచి కార్పెట్ మీదికి దొర్లాడు. దెబ్బేమీ తగల్లేదు. అయినా ఆ రోజు నుంచి వాణ్ణి ఎత్తుకోవడానికి వీల్లేదని అమ్మ కట్టడి చేసింది.

"ఇవాళ గుడ్‌గా ఉంటే తమ్ముణ్ణి ఎత్తుకోనా అమ్మా?"

"ముందు వాళ్ళకి నువ్వు నచ్చాలి. తర్వాత చూద్దాం."

బెంటన్‌విల్ నుంచి గంటంపావు ప్రయాణం. ఎవరి చేతుల్లోనో చిక్కి అవస్థలు పడ్డ ఆఫ్రికా జంతువుల్ని తెచ్చి సాకే చోటికి వెళ్తున్నారు. టల్సా నుంచి సుందర్ రాజ్ అంకుల్, దీనమ్మ ఆంటీ కూడా అక్కడికే వస్తున్నారు. ఎందుకొస్తున్నారో పెద్దవాళ్ళు చెప్పలేదు. కాంట్రాక్టు ఉద్యోగుల పిల్లలకి అలాంటివి చెప్పక్కర్లేదు. నాన్న షాలేం రాజు ప్రాజెక్టు వచ్చే నెలతో అయిపోతోంది. అంకుల్‌కి సొంత కంపెనీ ఉంది. మొన్న ఫోన్లో నాన్న, వాళ్ళు ఒకసారి చూసి డిసైడ్ చేస్తామంటున్నారని ఎవరితోనో అన్నాడు. అంటే ఇంటర్వ్యూయే. జాబ్ పోతే వీసా పోతుంది, వీసా పోతే అన్నీ పోతాయి. ఈ సంసారం బరువంతా ఇవాళ తన నెత్తి మీదే ఉందని ఆ పిల్ల తీర్మానించేసుకుంది. ఇక ఆగుతుందా?

దిగీ దిగగానే రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పింది. దీనమ్మ చేతిలో సంచీ అందుకుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులని తెలిసి, ఎత్తుగా ఉన్నచోటల్లా చెయ్యి పట్టుకుని నడిపించింది. నడుస్తూ ఆవిడ ఒకటే ప్రశ్నలు. చేపలు తింటావా, చీకటంటే భయమా, నీ చెప్పుల సైజెంత. జెమీమా అన్నిటికీ అండీ చేర్చి జవాబు చెప్పింది. అంకుల్ మాత్రం నాన్నని కంప్యూటర్ల గురించి ఒక్క ముక్కయినా అడగలేదు. ఇంటర్వ్యూ సరిగ్గా సాగడం లేదేమోనని దిగులేసి, ఆ పిల్ల తన జవాబులకి ఇంకాస్త తీపి అద్దింది.

సింహం దగ్గర గైడ్ అమ్మాయి అందర్నీ ఆపింది. ఎవరో దంపతులు దీన్ని పసికూనగా ఇంటికి తెచ్చుకున్నారట. పాలసీసాతో పెంచి, పక్కలో పడుకోబెట్టుకున్నారట. తర్వాత వాళ్ళకి బిడ్డ పుట్టిందట.

"బేబీని కరిచిందా?" జెమీమా ఇంగ్లీషులో అడిగింది.

"లేదు. కరుస్తుందేమోనని భయపడ్డారు," అంది గైడ్.

దాన్ని వదిలేసి వెళ్ళి ఆరేళ్ళయిందట. ఇప్పటికీ కారు చప్పుడైతే చాలు, లేచి కంచె దగ్గరికొచ్చి గేటు వైపు చూస్తూ కూర్చుంటుందట. చుట్టూ ఉన్నవాళ్ళు నొచ్చుకున్నారు. అందరికంటే గట్టిగా నాన్నే అయ్యో అన్నాడు. అమ్మ కాలేబ్ టోపీ సర్దుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం చెట్టు కింద బల్ల దగ్గర భోజనాలు. దీనమ్మ వండి తెచ్చిన కోడి పలావు ముందు జెమీమా తెలుగులో ప్రార్థన చేసింది. ఎవరూ అడక్కుండానే సండే స్కూల్లో నేర్చుకున్న బైబిలు కంఠత వాక్యం కూడా తడుముకోకుండా చెప్పింది. దీనమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా ఆలోచించేదేముందండీ? నాకు బాగా నచ్చింది," అంది భర్తతో.

సుందర్ రాజ్ లేచి షాలేం రాజుకి చెయ్యందించాడు. "కాగితాల పని సోమవారం పెట్టుకుందాం రాజు గారూ."

నాన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన మొహంలో నెల రోజులుగా లేని తేటదనం వచ్చింది. జెమీమాకి గంతెయ్యాలనిపించింది. జాబ్ వచ్చింది, అదీ తన వల్ల వచ్చింది. తన పుట్టినరోజుకి కూడా ఆ పిల్ల అంత సంతోషపడలేదు.

అమ్మ కూడా మాట నిలబెట్టుకుంది. కార్ల దగ్గరికి రాగానే కాలేబ్‌ని తీసుకొచ్చి అక్కడి బెంచీ మీద జెమీమా ఒళ్ళో కూర్చోబెట్టింది. తమ్ముడి నడుం చుట్టూ రెండు చేతులూ బిగించి, ఊపిరి కూడా మెల్లగా పీల్చింది జెమీమా. అమ్మ ఫోటో తీసింది. ఒకటి కాదు, చాలా తీసింది.

అటు నాన్న డిక్కీ తెరిచి, పాతబట్టలని చెప్పి పొద్దున అమ్మ సర్దిన పెద్ద సూట్‌కేసు తీసి అంకుల్ కారులో పెట్టాడు. దాని మీద జెమీమా స్కూల్ బ్యాగు కూడా పెట్టాడు.

"మనం టల్సాకి మూవ్ అవుతున్నామా అమ్మా?"

ప్రిస్సిల్లా కాలేబ్‌ని తిరిగి చంకనేసుకుంది. వంగి, జెమీమా స్వెటర్ గుండీలు మెడ దాకా పెట్టింది. రెండో కారు తలుపు తెరిచి పట్టుకుని దీనమ్మ నిలబడి ఉంది.

"నువ్వొక్కదానివే. ఇంకొక్కటి నేర్పుతాను, మర్చిపోకుండా చెప్పాలి," అంది ప్రిస్సిల్లా.

జెమీమా బుద్ధిగా తలూపింది.

"ఇకనుంచి ఆవిడ అమ్మ, నేను ఆంటీ."