ఇయ్యమని రాసిచ్చిన కాయితం

"ఇయ్యం. అవి రహస్యం. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

సమాచార హక్కు దరఖాస్తును అధికారి బల్ల మీద పడేశాడు. గద్వాల పోలీసు ఆఫీసుకు రెబెకా రావడం ఇది నాలుగోసారి. మొగుడు యేసయ్య పోయి పద్నాలుగు నెలలైంది. ఎట్లా పోయాడో రాసిన పంచనామా, పోస్టుమార్టం కాగితాలు చూపించమని ఆమె అడుగుతోంది.

రెబెకా కదల్లేదు.

"ఇయ్యకుంటె మానె సారూ. ఎందుకియ్యరో అదన్న రాసియ్యుండ్రి."

"రాసిస్తే సదువుతవా?"

"నాకు రాదు. సదివేటోళ్లకు సూపెట్టుకుంట."

గుమస్తా కిసుక్కున నవ్వాడు. అధికారికి మాత్రం నవ్వు రాలేదు. ఆ కుర్చీలోకి బదిలీ మీద వచ్చి పదిరోజులే అయింది. కారణం రాయకుండా కాదంటే జరిమానా తన జీతంలోంచే పోతుంది. లోపలి నుంచి ఫైలు తెప్పించి గబగబా తిరగేశాడు. నాలుగు ముక్కలు టైపు చేయించి, ముద్ర గుద్ది, సంతకం గీకాడు.

"తీస్కపో. ఇగ మళ్ల ఈ గడప తొక్కకు."

"తొక్కను సారూ" అంది రెబెకా. కాగితం మడిచి కొంగున కట్టుకుని మెట్లు దిగింది. నాలుగుసార్లు కూలి పోగొట్టుకుని తిరిగితే దక్కింది 'ఇయ్యం' అన్న కాగితం ఒక్కటే.

నేరుగా తన కేసు చూస్తున్న వకీలు నవనీత దగ్గరికి పోయింది. నవనీత చదివింది. మళ్లీ చదివింది. కుర్చీలోంచి లేచి రెబెకా రెండు చేతులూ పట్టుకుంది.

"గెలిచినం రెబెకమ్మా!"

"ఇయ్యమని కాదా మేడం రాసింది?"

"అవ్, ఇయ్యమనే రాసిండు. సల్లగుండ, మస్తు రాసిండు!"

అయిదో రోజున కోర్టులో యేసయ్య చావు కేసు వాయిదా. నవనీత ఆ కాగితాన్ని గొంతెత్తి చదివింది: "స్టేషన్ లాకప్‌లో మరణించిన యేసయ్యకు సంబంధించిన పత్రాలు రహస్యమైనందున ఇవ్వడం కుదరదు."

హాలంతా గుసగుసలు. ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి రెబెకా తలెత్తి అతని కళ్లలోకి చూసింది. ఈసారి అతనే తల దించుకున్నాడు.

జడ్జి కళ్లద్దాలు తీసి అడిగాడు:

"ఏమయ్యా ఇన్‌స్పెక్టర్, యేసయ్య అనే మనిషిని మేమసలు స్టేషన్‌కే తీసుకురాలేదని ఈ కోర్టులో ప్రమాణం చేసింది మీరే కదా?"