ఆకుపచ్చ చక్రం

"మళ్ళీ మొదలెట్టావా, నీ పెద్దపెళ్ళాం సేవ?"

తర్ఫా గుడారంలోంచి కేకేసింది. అవ్వాద్ బానెట్ కింద నుంచి తల బయటపెట్టలేదు. తెగిన గొట్టానికి తీగ చుడుతున్నాడు.

ఆ బండి పేరు హమ్రా. ఎర్రదని అర్థం. ఆ ఎరుపు ఎండకు ఎప్పుడో వెలిసిపోయింది. నలభై మూడేళ్ళ పాత టయోటా. అయితేనేం, పట్టకారూ సుత్తీ ఉంటే ఎడారి నడిమధ్యలో కూడా బాగుచేసుకోవచ్చు. కంప్యూటర్ పెట్టి చూస్తేగానీ రోగం చెప్పనని కొత్త బండ్లలా మొండికెయ్యదు.

"మా తమ్ముడు ఫోన్ చేశాడు. పాత బండ్లంటే పడిచచ్చే ఆయనొకడు మధ్యాహ్నం వస్తాడట. దీన్నిస్తే కొత్తదిస్తాడట."

"రానీ. కాఫీ తాగి పోతాడు."

"పోనీ ఆ చక్రానికైనా రంగు వెయ్యరాదూ? మూడు ఎర్రవీ, ఒకటి ఆకుపచ్చా! పెళ్ళిళ్ళకెళితే ఆడవాళ్ళు నవ్విపోతున్నారు."

"అది మనది కాదే."

ఆ సంగతి తర్ఫాకూ తెలుసు. అవ్వాద్ పుట్టేముందు తల్లికి నొప్పులొచ్చిన రోజున తండ్రి స్వేలిం ఆమెను హమ్రాలో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. దారిలో రాళ్ళకు కొట్టుకుని చక్రం పగిలింది. అదనపు చక్రం అంతకుముందే పోయింది. ఎదురొచ్చిన ఒక చిరుగుల చొక్కావాడు తన బండి చక్రం ఊడదీసి దీనికి బిగించాడు. తాను మూడు చక్రాలతో ఆ ఎండలో ఉండిపోయాడు. పేరు అడిగే తీరిక కూడా లేకపోయింది.

మూడో రోజు నీళ్ళూ రొట్టెలూ పట్టుకుని స్వేలిం మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. మనిషి లేడు. బండి లేదు. పగిలిన చక్రమూ లేదు.

"బండి అమ్మకు. రంగు మార్చకు. ఆయన బతికుంటే దీన్ని చూసేగా మనల్ని గుర్తుపట్టాలి" అని స్వేలిం కన్నుమూసేముందు కొడుకు చేత ఒట్టేయించుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దమనిషి రానే వచ్చాడు.

డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల అంగీ, బంగారు ఫ్రేము కళ్ళజోడు. తన బండి గుట్ట వెనకే ఆపి నడిచొచ్చాడు. ఆడవాళ్ళుండే గుడారం ముందుకు బండి తేలేదు, మర్యాద తెలిసినవాడే. కానీ నేరుగా గుడారానికి రాకుండా హమ్రా చుట్టూ తిరిగాడు. వంగి చక్రాలు తడిమాడు.

"బేరగాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!" అని అవ్వాద్ పళ్ళు నూరాడు.

అయినా అతిథి అతిథే. పేరు అడగకూడదు, వచ్చిన పని అడగకూడదు. చాప పరిచి కాఫీ పోశాడు.

"స్వేలిం లేడా నాయనా?"

"మొన్న చలికాలంలో దేవుడు తీసుకుపోయాడు."

పెద్దాయన హమ్రా వైపు ఒకసారి చూశాడు. తర్వాత చేతిలోని కప్పు నేలమీద పెట్టేశాడు. ఒక్క గుక్కైనా తాగలేదు.

ఆ ముట్టని కప్పుకు ఎడారిలో ఒక అర్థముంది.

కప్పు కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడన్నమాట. 'తాగండి, మీరు కోరింది ఇచ్చాను' అనాలి ఇంటివాడు. అన్నాక ఏది అడిగినా ఇచ్చి తీరాలి. అనకపోతే ఇంటి పరువు పోతుంది. అన్నాడా, హమ్రా పోతుంది.

తెర వెనక తర్ఫా దగ్గింది. అనమని.

అవ్వాద్ అనలేకపోయాడు.

"మీరు వచ్చింది బండి గురించేనా పెద్దాయనా?"

"బండి గురించే. మొన్న ఒక పెళ్ళిలో చూశాను. ఎవరిదని వాకబు చేసి వచ్చాను."

"మా నాన్నకు మాటిచ్చాను. దీని బోల్టు కూడా ఎవరికీ ఇవ్వను."

"నేను కొనడానికి రాలేదయ్యా."

"వచ్చినవాళ్ళంతా మొదట అదే అంటారు. కాసేపయ్యాక కొత్త బండి తాళాలు ఒళ్ళో పడేస్తారు."

పెద్దాయనకు కోపం రాలేదు. చిన్నగా నవ్వాడు.

"నువ్వేనా ఇంటికి పెద్దకొడుకువి?"

"నేనే."

"నీకూ బండికీ ఒకటే ఈడా?"

"నాకన్నా మూడేళ్ళు పెద్దది."

అవ్వాద్‌ను నెత్తి నుంచి కాళ్ళదాకా చూశాడు పెద్దాయన.

"ఇద్దరూ గట్టిగానే ఉన్నారు. సంతోషం. మీ అమ్మ క్షేమమేనా?"

"క్షేమమే. మా అక్క ఇంటికెళ్ళింది."

"సలాం చెప్పానను."

లేచి, వచ్చిన దారినే గుట్ట వెనక్కి వెళ్ళిపోయాడు. కప్పులో కాఫీ అలాగే ఉంది.

తర్ఫా తెర తీసుకుని బయటికొచ్చింది. "ముట్టని కప్పు! మన ఇంట్లో! నలుగురికీ తెలిస్తే ఎక్కడ పెట్టుకుంటావయ్యా ఆ ముఖం?"

"బండి దక్కింది కదే" అన్నాడు అవ్వాద్. కానీ ఆ కప్పు వంక చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు. పారబొయ్యడానికీ చెయ్యి రాలేదు.

గంట తర్వాత ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, ఏమీ అనుకోకు. ఆయనకు ఇవాళ కుదర్లేదట. రేపొస్తాడు."

"మరి ఇందాక వచ్చిందీ?"

"ఎవరొచ్చారు? నేనెవరినీ పంపలేదే!"

అవ్వాద్ ఫోన్ చాపమీద పడేసి లేచాడు. చెప్పులైనా లేకుండా గుట్టవైపు పరిగెత్తాడు.

గుట్ట వెనక ఎవరూ లేరు. ఇసుకలో బండి జాడ నేరుగా వెళ్ళి అకబా వెళ్ళే తారురోడ్డెక్కింది. ఆ పైన ఎటు పోయిందో చెప్పేవాళ్ళు లేరు.

నలభై ఏళ్ళ కిందట రాళ్ళల్లో పగిలిన హమ్రా చక్రం మాత్రం, అంచుకు అతుకు వేయించుకుని, కొత్త ఎర్ర రంగు పూయించుకుని, గుట్టకు ఆనించి ఉంది.