గేటు బయటి తాతగారు

"పిల్లలు వెంట లేని పెద్దవాళ్ళని లోపలికి పంపకూడదండీ. ఆ బోర్డు మీరు పెట్టించిందే కదా," అంది సూర్యకాంతం గేటుకి అడ్డంగా నిలబడి.

వీరవెంకటరమణగారి ముఖం మాడిపోయింది. కొత్తపేట పిల్లల పార్కు కమిటీకి ఆయన ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, సాయంత్రం పూట ఒంటరిగా వచ్చి కూర్చునే సూర్యకాంతాన్ని, "గొడ్రాలి కళ్ళు పిల్లల మీద పడకూడదు," అని పదిమందిలో లేపి పంపేశారు. ఇప్పుడు ఆ పార్కుకి కాపలా ఆవిడే.

"లోపల మా మనవడున్నాడమ్మా. ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

ఉయ్యాల ఊగుతున్న పిల్లాణ్ణి చూపించి ఆయన చేతులు జోడించారు. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు కాచుకుందో సూర్యకాంతానికే తెలుసు. అయినా ఆ జోడించిన చేతులు చూసేసరికి మనసు మెత్తబడింది. గడియ మీద చెయ్యి వేసి, ఉయ్యాల ఊపుతున్న తల్లిని కేకేసింది.

"ఏమ్మా, ఈయన మీ తాలూకేనా?"

విజయదుర్గ గేటు దాకా వచ్చి మామగారిని తేరిపార చూసింది.

"మా ఆయన పోయిన నెలకే, మొగుణ్ణి మింగేసేవని నన్నూ చంటోణ్ణీ వీధిలోకి గెంటేసేరండీ. మా తాలూకు ఎవరూ లేరు."

"వాడు మా రక్తం తల్లీ!"

ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ ఉయ్యాల ఊపసాగింది.

సూర్యకాంతం గడియ బిగించేసింది.

"ఇంక దయచెయ్యండి బాబుగారూ."

తన పగ ఒక్కటే అయితే ఈపాటికి గేటు తీసేసి ఉండేది.